బిడ్డ నిద్రవేళ చూసి పెట్టుకునే మొదటి పుట్టినరోజు

మొదటి పుట్టినరోజు చాలా ఇళ్లలో టైము దగ్గరే చెడుతుంది. సాయంత్రం ఏడింటికి రమ్మంటే, హైదరాబాద్ ట్రాఫిక్ దాటుకుని చుట్టాలు వచ్చేసరికి ఎనిమిదిన్నర. అందరూ వచ్చాకే కేకు అంటారు పెద్దలు. అది బిడ్డ రోజూ పడుకునే వేళ. కొత్త బట్టలు గుచ్చుకుంటుంటే, కళ్లు మూతలు పడుతుంటే, ఎరగని మొహాలు పది ఒక్కసారిగా మీదికి వంగితే ఏ బిడ్డయినా ఏడుస్తుంది. కాబట్టి హాలు, మెనూ, డెకరేషన్ సంగతి తర్వాత. ముందు బిడ్డ నిద్ర లెక్క రాసుకోండి.

ఏడాది పిల్లలు నిద్ర లేచాక సుమారు మూడు నాలుగు గంటలు హుషారుగా ఉంటారు. చాలామంది ఇంకా పగలు రెండుసార్లు పడుకుంటారు. వారం ముందు నుంచీ ఎప్పుడు పడుకుంటోంది, ఎప్పుడు లేస్తోంది అన్నది ఫోన్‌లో రాసిపెట్టండి. పదకొండింటికి లేచే బిడ్డయితే, లేవగానే కడుపు నింపి, పదకొండున్నరకు హారతి, పన్నెండింటికి కేకు, ఆ వెంటనే భోజనాలు. పిలిచేటప్పుడే "పన్నెండింటికి కేకు కోసేస్తాం, తర్వాత పాప పడుకుంటుంది" అని చెప్పేయండి. ఆలస్యంగా వచ్చినవాళ్లకు భోజనం ఉంటుంది, అది చాలు.

డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ హాల్లో 25 మందికి మించితే గాలాడదు. ఒక బెడ్‌రూమ్ మాత్రం ఎవరికీ ఇవ్వకండి. చెప్పులు, బ్యాగులు, గిఫ్టులు ఏవీ అందులోకి వద్దు. బిడ్డ కంగారు పడితే తీసుకెళ్లి తలుపు వేసుకునే చోటు అదే.

తేదీయా, తిథా?

ఈ మాట మీద ఇంట్లో వాదన రావడం మామూలే. తిథుల ఏడాది సుమారు 354 రోజులు. అందుకని తిథి ప్రకారం పుట్టినరోజు తేదీ కంటే దాదాపు 11 రోజులు ముందే వస్తుంది. మధ్యలో అధికమాసం పడితే (2026లో అధిక జ్యేష్ఠం అలాంటిదే) తేదీ దాటాక 18, 19 రోజులకు వస్తుంది. తిథి రోజు పొద్దున ఇంటివాళ్లే తలంటి, పూజ చేసుకుని, దావత్ మాత్రం తేదీకి దగ్గరి ఆదివారం పెట్టుకుంటే ఎవరి మాటా పోదు. ఒక్క జాగ్రత్త: తిథి ముందే వస్తే బిడ్డకు ఇంకా ఏడాది నిండినట్టు కాదు. పంచామృతంలో తేనె ఉంటుంది. ఏడాది లోపు పిల్లలకు తేనె చుక్క కూడా నాకించకూడదు. అందులో ఉండే అవకాశమున్న సూక్ష్మజీవుల బీజాలు పసిపేగుల్లో పెరిగి విషాన్ని తయారుచేస్తాయి. పుట్టినరోజున పాలలో నువ్వులు, బెల్లం కలిపి ఇచ్చే ఆచారం ఉన్న ఇళ్లలో, బిడ్డ ఇంతకుముందు నువ్వులు తిని ఉండకపోతే ఆ రోజే మొదలుపెట్టకండి. ఒంటి మీద దద్దుర్లు లేస్తే దేనివల్లో ఆ హడావిడిలో తేల్చుకోలేరు.

పుట్టువెంట్రుకలకు యాదగిరిగుట్టకో వేములవాడకో వెళ్లాలంటే రెండు వారాల ఎడం పెట్టుకోండి. ఏడాదికి వేయించే టీకా కూడా దావత్‌కు ముందు రెండు రోజుల్లో వద్దు, జ్వరం రావచ్చు.

హారతి పళ్లెంలో నీళ్లు పోసి అర చెంచా పసుపు, చిటికెడు సున్నం కలిపితే ఎర్రనీళ్లవుతాయి. ఏడాది పిల్లలు కనిపించినదాని మీదల్లా చెయ్యి వేస్తారు. సున్నం కంట్లో పడితే మండి గాయమవుతుంది. పళ్లెం పట్టుకున్నవాళ్లు మూరెడు దూరంలోనే తిప్పాలి. కర్పూరం బిళ్లలు మింగితే విషం, డబ్బా వెంటనే పైఅరలో పెట్టేయండి.

బిడ్డకు ఇడ్లీ కేకు

బేకరీ కేకు చుట్టాలకు. 25 మందికి కిలోన్నర సరిపోతుంది. రెండేళ్లలోపు పిల్లలకు చక్కెర వేసినవి వద్దంటారు డాక్టర్లు. అందుకే బిడ్డ చేత్తో చిదిమి తినడానికి వేరే చిన్న కేకు చేసి పెట్టండి. ఉప్పు వేయకముందే తీసిపెట్టిన పులిసిన ఇడ్లీ పిండి 700 మి.లీ. కావాలి. డిసెంబరు, జనవరి చలిలో పిండి పొంగడానికి 12 గంటల పైనే పడుతుంది, ముందురోజు మధ్యాహ్నమే రుబ్బుకోండి. ఆరంగుళాల అడుగున్న గిన్నెకు నెయ్యి రాసి, సగం పిండి పోసి, మూతపెట్టి మధ్యస్థ మంట మీద 15 నిమిషాలు ఆవిరి పట్టండి. పుల్ల గుచ్చితే తడి అంటకూడదు. రెండో పొర కూడా ఇలాగే. గిన్నె సగానికి మించి పోస్తే పొంగి మూతకు అంటుకుని పైభాగం గుంటపడుతుంది.

పైపూతకు లీటరు పెరుగును పల్చటి బట్టలో కట్టి, కింద గిన్నె పెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే గట్టి పెరుగు వస్తుంది. రెండు పొరల మధ్య మగ్గిన అరటిపండు మెదిపి రాయండి. అది కేకు కోయడానికి కాస్త ముందు మాత్రమే చేయాలి, లేదంటే నల్లబడుతుంది. ఇడ్లీలు పూర్తిగా చల్లారాకే పెరుగు రాయండి. కాస్త వేడి ఉన్నా పూత కారిపోతుంది, ఈ కేకు పాడయ్యేది ఎక్కువగా అక్కడే. పైన జీడిపప్పు, ద్రాక్ష, చక్కెర గోళీలు వద్దు, గొంతుకు అడ్డం పడతాయి.

మిగతావాళ్లకు బగారన్నం (బియ్యం రెండు కిలోలు), పచ్చిపులుసు, గుత్తివంకాయ, రెండు లీటర్ల పెరుగు, సేమియా పాయసం చాలు. పాయసానికి రెండున్నర లీటర్ల పాలు, పావుకిలో సేమియా. చల్లారితే గట్టిపడుతుంది కనుక అర లీటరు పాలు విడిగా కాచి ఉంచండి. గారెలు చేయాలనుకుంటే వేరే మనిషి కావాలి. అమ్మ స్టవ్ దగ్గర ఉండిపోతే బిడ్డ ఎవరి దగ్గరికీ వెళ్లదు. బక్షాలు (బొబ్బట్లు) బయట చెప్పేయడమే మేలు.

అలంకరణకు గుడిమల్కాపూర్ మార్కెట్లో బంతిపూలు తెచ్చుకోండి. మామూలు గుమ్మం చుట్టూ సుమారు పదిహేడున్నర అడుగులు, మూర అంటే అడుగున్నర, అంటే పన్నెండు మూరల దండ. బెలూన్లు గోడకు ఎత్తుగా ఓ ఇరవై కట్టండి. పగిలిన ముక్క నోట్లో పెట్టుకుంటే ఊపిరాడదు, కింద పడగానే ఏరేయండి. స్నో స్ప్రే ఇంట్లోకి రానివ్వకండి. అందులోని వాయువు మండుతుంది, కొవ్వొత్తి పక్కన కొడితే మంట అంటుకుంటుంది. చిన్నపిల్లలు సరదాగా తెచ్చినా తీసి పక్కన పెట్టండి. కొవ్వొత్తి వెలిగించాక కేకు బిడ్డ చేతికి అందనంత దూరంలో ఉండాలి.

పట్టులంగా, పంచె లోపల చేతుల్లేని మెత్తటి కాటన్ బనీను వేస్తే జరీ గుచ్చుకోదు. ఫొటోలు చుట్టాలు రాకముందే, పొద్దున కిటికీ వెలుగులో ఫ్లాష్ లేకుండా తీసేయండి. కేకు అవగానే రోజూ వేసే బట్టలు మార్చేయండి.

రిటర్న్ గిఫ్టులకు బేగంబజార్‌లో స్టీలు డబ్బాలు డజన్ల లెక్కన దొరుకుతాయి. ఆదివారం చాలా దుకాణాలు మూసి ఉంటాయి, శనివారం లోపు వెళ్లండి. ఈ పనుల మధ్యే బర్త్ సర్టిఫికెట్ కూడా తీసి చూడండి. అందులో బిడ్డ పేరు లేకపోతే, జననం నమోదైన ఏడాది లోపు చేర్పిస్తే ఆలస్య రుసుము ఉండదు.

వచ్చిన బొమ్మలు బిడ్డ పడుకున్నాకే విప్పండి. గుండీ బ్యాటరీ ఉన్న బొమ్మకు మూత స్క్రూతో బిగించి ఉందో లేదో చూడండి. మింగితే ఆ బ్యాటరీ రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేస్తుంది. వేలితో తెరుచుకునే మూతలున్న బొమ్మలు అలమరలో పెట్టి తాళం వేయండి.