దాళ్వా (రబీ వరి) కోతల ముందు చిన్న ట్రక్కు కొంటున్నారా?

బయానా ఇచ్చే ముందు ఇవి చూసుకోండి.

– మోసే బరువు. ఆర్‌సీలో ఉన్న మొత్తం బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలేదే మీ లోడు. 750 కేజీలు మోసే బండికి 75 కేజీల ధాన్యం బస్తాలు పదే. "పదిహేను వేసినా లాగుతుందండీ" అంటారు అమ్మేవాళ్లు. లాగుతుంది. కాలవ గట్టు మలుపులోనే పట్టు తప్పుతుంది.

– పాత బండైతే కింద దూరి చూడండి. రొయ్యల చెరువులకు తిరిగిన బండి ఛాసిస్‌ని ఉప్పునీళ్లు తినేస్తాయి. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పెచ్చులు రాలాయా, వదిలేయండి. అడుగున కొత్తగా నల్లరంగు కొట్టి ఉంటే ఇంకా అనుమానించాలి.

– ఆర్‌సీలో ఫైనాన్స్ ఉందా? అప్పు తీరిందని ఫైనాన్స్ వాళ్లిచ్చే ఎన్‌ఓసీ చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వొద్దు.

– తొట్టి టేపుతో కొలవండి. రావులపాలెం మార్కెట్‌కి అరటి గెలలు వేసేవాళ్లకి బరువు కంటే ముందు చోటే అయిపోతుంది.

– ఎనిమిదేళ్లు దాటిన బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. ఆ ఖర్చు బేరంలోనే తగ్గించండి.

– లైసెన్సు టెన్షన్ వద్దు. మొత్తం బరువు 7,500 కేజీల లోపు బండికి మామూలు కారు లైసెన్సు చాలని సుప్రీంకోర్టు 2024లో మళ్లీ చెప్పింది.