కాక్‌పిట్‌లో రేడియో, నావిగేషన్ సాధనాలు: విన్నదాన్ని, చూసినదాన్ని సరిచూసుకునే పద్ధతి

విజయనగరం జిల్లా భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట 3,800 మీటర్ల రన్‌వేతో అంతర్జాతీయ విమానాశ్రయం రూపుదిద్దుకున్న ఈ రోజుల్లో, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి పైలట్ శిక్షణకు వెళ్లదలచిన విద్యార్థులకు ఉపయోగపడాలని ఈ వ్యాసం రాస్తున్నాను. మన దేశంలో విమాన రేడియోపై మాట్లాడడానికి ఆర్‌టీఆర్-ఏ లైసెన్సు తప్పనిసరి. 2025 జనవరి 1న భారతీయ వాయుయాన్ అధినియమ్ అమల్లోకి వచ్చాక, దాన్ని జారీ చేసే బాధ్యత టెలికాం శాఖ నుంచి పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏకు మారింది. ఆ పరీక్షలోనూ, తర్వాత కాక్‌పిట్‌లోనూ ఆదుకునే అలవాటు ఒక్కటే: చెవికి వినిపించినదాన్ని గానీ, పరికరంలోని సూది చూపించినదాన్ని గానీ సరిచూసుకోకుండా నమ్మకూడదు.

విమానాశ్రయ కంట్రోల్ టవర్‌తో సంభాషణ 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న వీహెచ్‌ఎఫ్ బ్యాండులో సాగుతుంది. ఇద్దరు ఒకేసారి మైక్ బటన్ నొక్కితే వినేవారికి కీచుమనే శబ్దమే మిగులుతుంది. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫె ద్వీపంలో పొగమంచులో రెండు బోయింగ్ 747లు రన్‌వేపై ఢీకొని 583 మంది మరణించారు. ఆ చివరి ఘడియల్లో టవర్, రెండో విమానం ఒకేసారి మాట్లాడడంతో, అప్పటికే పరుగు మొదలుపెట్టిన విమానానికి వారి మాటలు స్పష్టంగా చేరలేదు. అందువల్ల ఫ్రీక్వెన్సీ మార్చిన వెంటనే మాట్లాడకండి. కొన్ని క్షణాలు ఆగి, ఎవరి సంభాషణా మధ్యలో లేదని నిర్ధారించుకున్నాకే బటన్ నొక్కండి. ఎవరిని పిలుస్తున్నారో, మీరెవరో, ఎక్కడున్నారో, ఏం కావాలో అదే వరుసలో చెప్పండి. వేగం నిమిషానికి 100 పదాలు దాటకూడదు. ఇంట్లో వేగంగా మాట్లాడే అలవాటున్నవారు దీన్ని గడియారం పెట్టుకుని సాధన చేయాలి.

విమానాశ్రయాన్ని సమీపించే ముందే ఏటీఐఎస్ (విమానాశ్రయ సమాచారాన్ని రేడియోలో పదేపదే వినిపించే ప్రసారం) విని, గాలి, రన్‌వే, క్యూఎన్‌హెచ్ (ఎత్తు చూపే పరికరాన్ని సరిచేసుకునే వాయుపీడనం అంకె) వివరాలను మోకాలి మీది ప్యాడ్‌పై రాసుకోండి. తర్వాత టవర్ నుంచి వచ్చే సూచనలనూ రాసుకుంటూ తిరిగి చదవాలి. ఉదాహరణకు మీ విమానం పిలుపు పేరు విక్టర్ బ్రావో చార్లీ అనీ, కంట్రోలర్ ఇలా అన్నారనీ అనుకుందాం: "విక్టర్ బ్రావో చార్లీ, డిసెండ్ టు త్రీ థౌజండ్ ఫీట్, క్యూఎన్‌హెచ్ వన్ జీరో జీరో ఎయిట్." దీనికి "రోజర్" అని ఊరుకుంటే సరిపోదు, ఆ మాటకు మీ సందేశం పూర్తిగా అందిందన్న అర్థమే తప్ప, అంకెలు సరిగా పట్టుకున్నామన్న హామీ అందులో లేదు. "డిసెండింగ్ టు త్రీ థౌజండ్ ఫీట్, క్యూఎన్‌హెచ్ వన్ జీరో జీరో ఎయిట్, విక్టర్ బ్రావో చార్లీ" అని పూర్తిగా చెప్పాలి. రన్‌వే, ఎత్తు, హెడింగ్ (విమానం ముక్కు ఉండాల్సిన దిశ), వేగం, క్యూఎన్‌హెచ్, స్క్వాక్ కోడ్ (రాడార్‌పై విమానాన్ని గుర్తించే నాలుగంకెల కోడ్)లను ఎప్పుడూ వదలకూడదు. సందేహముంటే "సే అగెయిన్" అనడానికి మొహమాటపడకండి. ఎదుటివారికి ఏమనిపిస్తుందోనన్న బిడియం మన పిల్లల్లో కొంత ఎక్కువే, కానీ రేడియో దగ్గర అది పనికిరాదు.

ఇక నావిగేషన్ సాధనాల విషయానికొస్తే, వీఓఆర్ (దిశను తెలిపే నేల మీది రేడియో కేంద్రం) ఫ్రీక్వెన్సీ తిప్పగానే సూది కదిలినంత మాత్రాన దారి దొరికినట్టు కాదు. ఆ కేంద్రం పంపే మోర్స్ గుర్తును విని, చార్టులోని అక్షరాలతో పోల్చండి. మరమ్మతు సమయంలో ఆ గుర్తును ఆపేస్తారు. గుర్తు వినిపించకపోతే సూది ఎంత నిలకడగా ఉన్నా దాన్ని నమ్మి వెళ్లకూడదు. దూరాన్ని కొలిచే సాధనం డీఎంఈ చూపేది నేల మీది దూరం కాదు, విమానం నుంచి కేంద్రానికి ఏటవాలు దూరం. కేంద్రం పైనే సుమారు 6,000 అడుగుల ఎత్తులో ఉన్నప్పుడు కూడా అది ఒక నాటికల్ మైలు చూపిస్తుంది.

రన్‌వేపైకి దిగడానికి రేడియో సంకేతాలతో దారి చూపే ఐఎల్‌ఎస్‌లో లోకలైజర్ రన్‌వే మధ్య గీతను, గ్లైడ్ స్లోప్ సాధారణంగా 3 డిగ్రీల దిగుడు దారిని చూపుతాయి. అసలు దారికి పైన, దాదాపు 9 డిగ్రీల దగ్గర, తప్పుడు గ్లైడ్ స్లోప్ కూడా ఉంటుంది కాబట్టి అసలు దారిని కింది నుంచి అందుకోవాలి. దూరాన్ని 300తో గుణించి చూసుకోవడం మంచి తనిఖీ: రన్‌వే 5 నాటికల్ మైళ్ల దూరంలో ఉంటే, దాని మట్టానికి సుమారు 1,500 అడుగుల పైన ఉండాలి. ఎత్తు దీనికి చాలా ఎక్కువో తక్కువో ఉంటే, సూది మధ్యలోనే ఉన్నా దిగడం ఆపి, గో అరౌండ్ చేసి (తిరిగి పైకి ఎక్కి) మళ్లీ మొదలుపెట్టండి.

బయలుదేరే ముందు నోటమ్‌లు (పైలట్లకు ఇచ్చే అధికారిక హెచ్చరిక ప్రకటనలు) చదవడం మన తీరంలో ఎక్కడికన్నా ముఖ్యం. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖ విమానాశ్రయాన్ని తీవ్రంగా దెబ్బతీసింది. తుపాను తర్వాత ఏ సాధనం పనిచేస్తోందో, ఏది లేదో నోటమ్‌లోనే తెలుస్తుంది.

రేడియో మూగబోతే ముందుగా వాల్యూమ్, హెడ్‌సెట్ ప్లగ్, ఫ్రీక్వెన్సీ చూసుకుని, తర్వాత ప్రత్యామ్నాయ ఫ్రీక్వెన్సీని, చివరికి అత్యవసర ఫ్రీక్వెన్సీ 121.5ను ప్రయత్నించండి. అప్పటికీ ఫలితం లేకపోతే స్క్వాక్ కోడ్ పంపే పరికరమైన ట్రాన్స్‌పాండర్‌లో రేడియో పనిచేయడం లేదని తెలిపే 7600 పెట్టి, వాతావరణం తేటగా ఉంటే తేటగా ఉన్నచోటే ఎగురుతూ దగ్గరలోని అనువైన విమానాశ్రయానికి వెళ్లి, దీపాల సంకేతాల కోసం టవర్ వైపు చూస్తూ ఉండండి. గాలిలో ఉన్న విమానానికి నిలకడైన పచ్చ దీపం దిగవచ్చని, నిలకడైన ఎర్ర దీపం ఇతర విమానానికి దారిచ్చి చుట్టూ తిరుగుతూ ఉండమని, మినుకుమనే ఎర్ర దీపం ఆ విమానాశ్రయం సురక్షితం కాదు, దిగవద్దని చెబుతుంది. కనిపించిన సంకేతం అందిందని తెలపడానికి పగలైతే రెక్కలు ఊపాలి, రాత్రయితే ల్యాండింగ్ లైట్లు రెండుసార్లు వెలిగించి ఆర్పాలి.