వృద్ధాశ్రమంలో పాత కబుర్ల గంట: నడిపే పద్ధతి

"మీ జీవితం గురించి చెప్పండి" అని అడిగితే చాలామంది పెద్దవాళ్లు "చెప్పడానికేముంది, అయిపోయింది" అని ఊరుకుంటారు. దానికి బదులు గింజలు కొలిచే పాత సోల తెచ్చి ముందు పెట్టి, "దీనికి ఎన్ని గిద్దలు?" అని అడగండి. నాలుగని ఒకరంటారు, మా ఊరి కొలత వేరని ఇంకొకరు అడ్డుపడతారు. మాట మొదలైనట్టే. వెనకటి సంగతులు తవ్వుకోవడం చాదస్తం కాదని, ఆ వయసులో మనసు సహజంగా చేసే పని అని అమెరికా వైద్యుడు రాబర్ట్ బట్లర్ 1963లోనే రాశాడు.

ఒక గుంపులో ఐదారుగురికి మించొద్దు. టిఫినయ్యాక, పదిన్నర ప్రాంతంలో 45 నిమిషాలు చాలు. భోజనమయ్యాక కునుకు పడుతుంది, సాయంత్రం ధ్యాసంతా పిల్లల ఫోను మీదే ఉంటుంది. టీవీ కట్టేసి, చేతులున్న కుర్చీలు అర్ధచంద్రాకారంలో వేయండి. మూత్రం ఎక్కువగా వచ్చే బీపీ మాత్రలు వేసుకునేవారిని బాత్రూమ్ వైపు కూర్చోబెట్టండి. కళ్లజోళ్లు తుడవండి, చెవి మిషన్ బ్యాటరీ చూడండి. దిగులనుకున్న మౌనం ఒక్కోసారి అయిపోయిన బ్యాటరీయే.

అందరినీ "మామ్మా", "తాతా" అనేయకండి. ఏమని పిలవాలో మొదటిరోజే అడగండి. "మాస్టారూ" అని పిలిస్తే చాలు, నిటారుగా కూర్చునే పెద్దాయన ప్రతి ఆశ్రమంలోనూ ఒకరుంటారు.

వారానికొక విషయం, మొత్తం ఆరు వారాలు: చిన్ననాటి తిండి, బడి, మొదటి కూలి లేదా జీతం, ఊరికి కరెంటొచ్చిన రోజు, కరువులూ తుఫాన్లూ, చివరగా తాము ఇతరులకు నేర్పిన పని. తుఫాను వారంలో జాగ్రత్త. దివిసీమ వైపు వారికి 1977 నవంబరు 19 అంటే ఇంట్లో మనుషుల్ని పోగొట్టుకున్న రాత్రి కావచ్చు. ముందురోజే విడిగా అడిగి, ఇష్టం లేదంటే ఆ వారం వదిలేయండి.

పిల్లల ప్రస్తావన మనం తేకూడదు. వాళ్లే తెస్తే వినాలి. "మీ అబ్బాయికి తీరిక లేదేమో లెండి" అని సర్దిచెప్పినా, "అలాంటి కొడుకులుంటారా" అని తిట్టినా ఆ తల్లి నోరు మూసుకుపోతుంది. మొదటిది ఆవిడ బాధను కొట్టిపారేస్తుంది, రెండోది కొడుకు తరఫున ఆవిడే వాదించాల్సిన స్థితి తెస్తుంది.

ఏడుస్తుంటే మాట మార్చకండి. మంచినీళ్లిచ్చి, పక్కనే కూర్చుని, కాసేపాగి "చెబుతారా, ఆపుదామా?" అని అడగండి. టీ తాగి తేరుకున్నాకే గదికి పంపండి. మతిమరుపు ఉన్నవారిని "గుర్తుందా?" అనొద్దు, అది పరీక్షలా తగులుతుంది. "ఆవకాయలో నూనె ఎప్పుడు పోసేవారు?" అంటే చేతులే చెబుతాయి. సంవత్సరం తప్పు చెప్పినా దిద్దకండి.

చెప్పినవి వాళ్ల యాసలోనే నోటుపుస్తకంలో రాసి, చదివి వినిపించండి. పుస్తకం వాళ్లది. కొట్టేయమన్న పేజీ కొట్టేయాలి, అడగకుండా ఇంటివారికి చూపించకూడదు.

ఇది వైద్యం కాదు. రెండు వారాలుగా తిండీ నిద్రా తగ్గినా, ఒకే పశ్చాత్తాపం దగ్గర మనసు తిరుగుతూ ఉన్నా, వృద్ధుల కుంగుబాటు కొలిచే 15 ప్రశ్నల పట్టిక అడగండి. మార్కులు ఐదు దాటితే డాక్టరుకు చూపించాలి. "ఇక బతికి ఏం లాభం" అంటే మందలించకండి. చనిపోవాలని అనిపిస్తోందా అని సూటిగా అడగండి. అవునంటే ఒంటరిగా వదలకుండా, గదిలోని మాత్రలన్నీ నర్సు దగ్గరికి చేర్చి, డాక్టరుకు కబురు చేయండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఫోను చేయవచ్చు.