రక్తంతో పరిచయం - 5వ పాఠం: స్లైడు మీద పూత

ఊదారంగు మూత ట్యూబులోకి రక్తం తీసి, అందులోని ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు) కలిసేలా మెల్లగా తలకిందులు చేయడం దాకా పోయిన పాఠంలో వచ్చాం. ఇప్పుడు ఆ రక్తాన్ని గాజు మీద పరుద్దాం.

యంత్రం నిమిషంలో రక్తకణాల లెక్క చెబుతుంటే ఈ శ్రమ ఎందుకని అడగవచ్చు. డెంగీ రోజుల్లో అనంతపురంలో ఏ ల్యాబు ముందు నిలబడినా జవాబు దొరుకుతుంది. ప్లేట్‌లెట్లు 40,000 అని కాగితం మీద చూడగానే ఇంటిల్లిపాదీ హడలిపోతారు. నిజంగా తగ్గి ఉండవచ్చు. కానీ కొందరి రక్తంలో ఈడీటీఏ తగిలితే ప్లేట్‌లెట్లు గుంపులుగా అతుక్కుంటాయి, ఆ గుంపును యంత్రం లెక్కలోకి తీసుకోదు. స్లైడు చూస్తే పూత పలుచబడే కొసన, అంటే తోక చివర, గుంపులు బయటపడతాయి. అప్పుడు గడ్డకట్టకుండా ఆపే మరో మందు, సోడియం సిట్రేట్, ఉన్న ట్యూబులో మళ్లీ రక్తం తీసి, వచ్చిన అంకెను 1.1తో గుణించాలి. ఆ ట్యూబులోని ద్రవం రక్తాన్ని కాస్త పలుచన చేస్తుంది కాబట్టి ఈ గుణకారం.

చేతికి గ్లవ్స్ వేసుకోండి. రక్తం తీసిన రెండు గంటల్లోపు పూత వేయడం మంచిది. స్లైడుకు ఒక కొస నుంచి సెంటీమీటరు దూరంలో సజ్జగింజంత బొట్టు పెట్టండి. అంతకంటే పెద్దదైతే తోక రాదు. నున్నని అంచున్న రెండో స్లైడును 30 నుంచి 45 డిగ్రీల వాలులో పట్టుకుని బొట్టును తాకించండి. రక్తం అంచు పొడవునా పాకాక, ఆగకుండా ఒకే ఊపులో ముందుకు తోయండి. నాలుక ఆకారంలో, చివరికి పలుచబడే పూత రావాలి. రక్తహీనత ఉన్నవారి రక్తం నీళ్లలా జారుతుంది, వాలు పెంచి వేగంగా తోయండి. చిక్కటి రక్తానికి వాలు తగ్గించండి. మొదటి ఇరవై స్లైడ్లు పాడవుతాయి, కడిగి మళ్లీ వాడకండి. ఆరిన పూతను మూసి ఉంచండి, ఈగలు దాన్ని తినేస్తాయి!

ఇక కణాలకు రంగు పట్టించే ద్రవం, లీష్మన్ స్టెయిన్. పూత మునిగేలా పోసి రెండు నిమిషాలు ఉంచండి. అందులోని మిథనాల్ కణాలను గాజుకు పట్టిస్తుంది. తర్వాత దానికి రెట్టింపు బఫర్ నీళ్లు (ఆమ్ల, క్షార గుణం మారకుండా నిలిపేవి), ఆ గుణాన్ని కొలిచే పీహెచ్ 6.8 ఉన్నవి, పోసి కలిపి, ఎనిమిది నుంచి పది నిమిషాల తర్వాత కడగాలి.

ఇక్కడే మన ఊరి సంగతి చెప్పాలి. పని నేర్చుకునే రోజుల్లో ఒకసారి బఫర్ అయిపోయిందని బోరు నీళ్లు పోశాను. ఎర్రకణాలన్నీ నీలం తిరిగాయి. నీలిఛాయతో కనబడే పడుచు ఎర్రకణాలు ఎక్కువగా ఉన్నాయని ఉత్సాహంగా రిపోర్టు రాయబోతుంటే మా సార్ స్లైడు చూసి, "రోగి రక్తం సంగతి తర్వాత, నువ్వు ఏ నీళ్లు పోశావు?" అన్నారు. క్షారగుణం ఎక్కువైన నీళ్లు స్లైడును నీలం చేస్తాయి, ఆమ్లగుణం ఎక్కువైతే ఎరుపు ఎక్కుతుంది. మరో తంటా మన ఎండ. ఏప్రిల్‌లో ఫ్యాను కింద పెడితే స్టెయిన్ స్లైడు మీదే ఎండిపోయి నల్లటి రేణువులు మిగులుతాయి. కొత్తవారు వాటిని ప్లేట్‌లెట్లనో మలేరియా క్రిములనో అనుకుంటారు. ఫోకస్ కొంచెం కదపండి. రేణువులు కణాల కంటే పైమట్టంలో తేలుతూ కనబడతాయి. స్టెయిన్ పోశాక స్లైడును మూత కింద ఉంచితే ఈ బాధ తగ్గుతుంది.

చూడవలసింది పూత మధ్యకూ తోకకూ నడుమ, ఎర్రకణాలు ఒకదాన్నొకటి తాకీ తాకనట్టుండే చోట. బొట్టు పెట్టిన తలవైపు కణాలు పేర్చిన నాణేల్లా కనిపిస్తాయి, తోక చివర మధ్యలో తెలుపు లేకుండా చదునుగా ఉంటాయి. రెండూ నమ్మదగ్గవి కావు. ఎర్రకణం సైజుకు చిన్న లింఫోసైట్ (ఒక రకం తెల్లకణం) కేంద్రకమే కొలబద్ద. రెండూ దాదాపు సమానంగా ఉండాలి. మధ్యలోని తెల్లటి భాగం కణం వెడల్పులో మూడో వంతు. కణం చిన్నదై ఆ తెలుపు పెరిగితే ముందు ఇనుము లోపాన్ని అనుమానించండి. కణాలు పెద్దవై కోడిగుడ్డు ఆకారంలో ఉండి, న్యూట్రోఫిల్ (మరో రకం తెల్లకణం) కేంద్రకం ఆరు తమ్మెలుగా చీలిందంటే బీ12 లేదా ఫోలిక్ ఆమ్లం లోపం గుర్తుకు రావాలి. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు బృందం అమెరికాలో 1940లలో కృత్రిమంగా తయారు చేసింది ఈ ఫోలిక్ ఆమ్లాన్నే.

వచ్చే పాఠానికి ఒకే ట్యూబు నుంచి పది పూతలు వేసి, అయిదింటిని బఫర్‌తో, అయిదింటిని మీ ఇంటి బోరు నీళ్లతో రంగు వేయండి. పక్కపక్కన పెట్టి ఎర్రకణాల రంగు రాసుకోండి. తెల్లకణాల లెక్క ఆ పది స్లైడ్ల మీదే మొదలుపెడదాం.