సంక్రాంతి పిండివంటల తర్వాత షుగర్‌ను మళ్ళీ అదుపులోకి తెచ్చుకోవడం ఎలా?

సంక్రాంతికి బూరెలు, పులిహోర, పరమాన్నం. కనుమకి గారెలు, నాటుకోడి పులుసు. షుగర్ ఉన్నవాళ్ళు ఆ మూడు రోజులూ కాస్త హద్దు దాటడం చాలా ఇళ్ళలో జరిగేదే, దానికి కుమిలిపోవాల్సిన పని లేదు. అసలు నష్టం ఆ తర్వాత మొదలవుతుంది. పండగ వెళ్ళిపోయినా అరిసెల డబ్బా ఇంట్లోనే ఉంటుంది. టీ తాగినప్పుడల్లా ఒక అరిసె, టీవీ ముందు గుప్పెడు జంతికలు, పడుకునే ముందు ఒక సున్నుండ... ఇలా నెల గడిచిపోతుంది. మూడు రోజుల తిండి కంటే ఈ నెల తిండే షుగర్‌ను ఎక్కువగా దెబ్బతీస్తుంది.

1. లంఖణం ఆలోచన మానుకోండి

"పండగకి ఎక్కువ తిన్నాం, రెండు రోజులు కడుపు మాడ్చుకుంటే సరిపోతుంది" అనుకునేవాళ్ళు చాలామంది. ఇది ప్రమాదం. ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్ళు పూట మానేస్తే షుగర్ 70 కిందికి పడిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండె దడ, కళ్ళు తిరగడం దాని గుర్తులు. వెంటనే మూడు చిన్న చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్ళీ చూసుకోవాలి. అప్పటికీ 70 దాటకపోతే ఇంకోసారి తాగాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు వాడేవాళ్ళకు మరో ప్రమాదం ఉంది. తిండి బాగా తగ్గించేస్తే, షుగర్ పెద్దగా పెరగకపోయినా రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. కాబట్టి మామూలు వేళకి మామూలుగా తినండి. రీడింగ్ ఎక్కువ వచ్చిందని మాత్ర డోసు సొంతంగా పెంచుకోకండి.

2. భయపడకుండా షుగర్ చూసుకోండి

పండగ వారం గ్లూకోమీటర్‌ను బీరువాలో దాచేసే అలవాటు మన ఇళ్ళలో బాగా ఉంది. దాన్ని బయటికి తీయండి. నాలుగైదు రోజులపాటు ఉదయం పరగడుపున ఒకసారి, ఏదో ఒక భోజనం తర్వాత ఒకసారి చూసి రాసుకోండి. తిన్నాక రెండు గంటలు అంటే మొదటి ముద్ద నుంచి లెక్క. సాధారణంగా పరగడుపున 80 నుంచి 130, తిన్న రెండు గంటలకు 180 లోపు ఉండాలంటారు. పెద్ద వయసువాళ్ళకి, గర్భిణులకి డాక్టరు వేరే హద్దు చెప్పి ఉంటే అదే పాటించాలి.

రీడింగ్ పదే పదే 300 దాటుతున్నా, వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, మత్తు లాంటివి ఉన్నా ఇంట్లో కూర్చోకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

3. డబ్బాలు ఖాళీ చేయండి

అరిసె బెల్లంతో చేసిందే కదా అని ధైర్యపడకండి. రక్తంలో షుగర్ పెంచే విషయంలో బెల్లానికీ పంచదారకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. పైగా అరిసెలో ఉన్నది బియ్యప్పిండి, నూనెలో వేగింది. జంతికలు తీపి కావుగానీ అవీ బియ్యప్పిండే, ఉప్పు అదనం.

పారేయమని చెప్పను, అంత కష్టపడి చేసినవి. పంచిపెట్టండి. ఊరికి తిరిగి వెళ్ళే పిల్లలకి, ఇంట్లో పని చేసేవాళ్ళకి, హాస్టల్లో ఉండే కుర్రాళ్ళకి సర్ది ఇస్తే వారంలో డబ్బాలు ఖాళీ అవుతాయి. మరీ తినాలనిపిస్తే సగం అరిసె చాలు. అది కూడా ఖాళీ కడుపున టీతో కాకుండా భోజనం చివర, ఆ పూట అన్నం తగ్గించుకుని తినండి.

4. అన్నాన్ని ఒక్కసారే వడ్డించుకోండి

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన మార్పు ఇదే. మన భోజనంలో కూరతో అన్నం, పప్పుతో అన్నం, చారుతో అన్నం, పెరుగుతో అన్నం. ప్రతిసారీ "కొంచెమే" అనిపిస్తుంది, మొత్తం కలిపితే కుప్ప అవుతుంది. ఒక కప్పు, అంటే సుమారు 150 గ్రాముల అన్నంలోనే దాదాపు 45 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది.

అందుకని తినే అన్నం మొత్తం ముందే ఒక గిన్నెతో కొలిచి పెట్టుకోండి. మొదట బీరకాయో, చిక్కుడో, తోటకూరో ఏదో ఒక కూర అన్నం లేకుండా నాలుగు ముద్దలు తినండి. తర్వాత గట్టి పప్పు, గుడ్డు, చేప, చికెన్‌లో ఏదైనా. అన్నం ఆఖరున కలుపుకోండి. ఈ వరుసలో తింటే తిన్నాక షుగర్ అంత వేగంగా ఎగబాకదు. చారు గ్లాసులో పోసుకుని తాగవచ్చు, పెరుగు ఉత్తదే తినవచ్చు. కంచంలో సగం కూరలే ఉండాలి.

రాత్రి చపాతీ తింటున్నాం కదా అని నాలుగు తినేస్తే ఆ జాగ్రత్త నీళ్ళపాలే, గోధుమలోనూ పిండిపదార్థమే ఉంది. కొర్రలు, రాగులకీ కొలత తప్పదు. ముఖ్యంగా పల్చటి రాగి జావ కొందరికి షుగర్‌ను గబుక్కున పెంచుతుంది, తాగాక ఒకసారి చూసుకుంటే మీకే తెలుస్తుంది. టిఫిన్‌కి ఉప్మా లేని పెసరట్టు మంచిది.

5. తిన్నాక కూర్చోకండి

భోజనం అయ్యాక 10, 15 నిమిషాలు వీధిలోనో డాబా మీదో నడవండి. కండరాలు రక్తంలోని చక్కెరను అప్పటికప్పుడు వాడుకుంటాయి. పండగలో చెప్పుల్లేకుండా తిరిగి ఉంటారు, ఓసారి అరికాళ్ళు చూసుకోండి. స్పర్శ తగ్గినవాళ్ళకి చిన్న పుండు కూడా తెలియకుండా ముదురుతుంది.

6. ఇంట్లోవాళ్ళకి ఒక మాట

"ఒక్కటి తింటే ఏం కాదులే బావగారూ" అనే ప్రేమకి కాదనడం కష్టమే. "కడుపు నిండింది వదినా, ఇంటికి పట్టుకెళ్తాను" అంటే ఎవరి మనసూ నొచ్చుకోదు. ఇంట్లోవాళ్ళు కూడా పండగలో తిన్నదాన్ని లెక్కపెట్టి దెప్పవద్దు. దెప్పితే చాటుగా తింటారు, అది మరీ కష్టం.

7. రెండు వారాల తర్వాత

మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఎ1సీ పరీక్షను మామూలు గడువుకే చేయించుకోండి. పండగ మూడు రోజుల ప్రభావం అందులో విడిగా కనబడదు. ఈ వారం సంగతి చెప్పేది మీటరే. రెండు వారాలు మామూలు తిండి తిన్నా పరగడుపు రీడింగ్ 130 దిగకపోతే ఇక అరిసెల మీద నెపం పెట్టకండి. మందు మార్చాల్సిన అవసరం ఉండవచ్చు. రీడింగులు రాసుకున్న పుస్తకం, వాడుతున్న మాత్రల చీటీ పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి.