మొజాయిక్ పూలకుండీ – 2వ పాఠం: ముక్కలు అతకడం

పోయిన పాఠంలో పాత టైల్స్‌ని గోనెసంచిలో చుట్టి, కళ్లద్దాలు పెట్టుకుని పగలగొట్టాం కదా. ఇప్పుడు వాటిలోంచి బొటనవేలి గోరంత ముక్కలు ఏరి పక్కన పెట్టండి. పెద్దవి చదునైన కడప బండ మీదైతే బావుంటాయి గానీ, కుండీ గుండ్రంగా ఉంటుంది కాబట్టి మూలలు పైకి లేచి చేతికి కోసుకుంటాయి.

ముందు జిగురు సంగతి. నేను చేసిన మొదటి కుండీ అక్క గృహప్రవేశానికిచ్చాను, చెక్కకి వాడే తెల్ల జిగురుతో అతికించి. వానలు పడ్డాక రోజుకో ముక్క రాలింది, అక్క అవన్నీ ఏరి డబ్బాలో వేసి నాకే తిరిగిచ్చింది! ఆ జిగురు ఎండలో గట్టిగానే ఉంటుంది, తడి తగిలితే మళ్లీ మెత్తబడుతుంది. బయట పెట్టే వస్తువుకి టైల్స్ షాపులో దొరికే సిమెంటు రకం అడెసివ్ పొడే కావాలి, అదీ తెల్లది అడగండి, ఎందుకంటే గాజుల ముక్కలూ సీసా పెంకులూ వాడితే వెనక రంగు పైకి కనిపిస్తుంది, బూడిద రంగు మీద ఎర్ర గాజు మాసిపోయినట్టుంటుంది.

గ్లవ్స్ వేసుకుని నీళ్లలో పొడి పోస్తూ ఇడ్లీ పిండి కంటే గట్టిగా కలపండి. ఐదు నిమిషాలాగి మళ్లీ కలపాలి. ఒకసారికి రెండు గుప్పెళ్లు చాలు. గట్టిపడిందని మళ్లీ నీళ్లు పోయొద్దు, పట్టు పోతుంది.

కుండీని తడిబట్టతో తుడవడం మర్చిపోకండి. పొడిగా ఉన్న మట్టికుండీ, జిగురులోని నీళ్లు పీల్చేసుకుంటే అది పొడిపొడిగా రాలుతుంది. తర్వాత పాత తువ్వాలు చుట్ట మీద కుండీని పడుకోబెట్టి పైకున్న వైపే చేయండి, నిలబెట్టి చేస్తే ముక్కలు జారిపోతాయి. జిగురు ముక్క వెనక రాసి అద్దండి, పక్క ముక్కకి అగ్గిపుల్ల పట్టేంత సందు వదలండి. సందులోకి జిగురు పొంగితే తడి ఆరకముందే పుల్లతో గీకేయాలి, లేకపోతే చివర్లో సందులు నింపే గ్రౌట్‌కి చోటుండదు. కుండీ అంచు దగ్గర మాత్రం పగిలిన వైపు లోపలికి, నున్నటి వైపు పైకి రావాలి, పిల్లలు చేయి పెట్టేది అక్కడే. అడుగు చిల్లు మూసేయకండి.

ముక్కలన్నీ ఒకే సైజులో లేవని టెన్షన్ వద్దు. చండీగఢ్ రాక్ గార్డెన్‌లో నేక్ చంద్ బొమ్మలు చేసింది పగిలిన గాజులు, పింగాణీ పెంకులతోనే, 1976 నుంచి జనం వెళ్లి చూస్తున్నారు.

రోజుకో వైపు చేస్తే నాలుగు రోజులు పడుతుంది, ఇచ్చే తేదీ నుంచి వెనక్కి లెక్కేసుకోండి. చివరి వైపు అతికించాక ఒక రోజు పూర్తిగా ఆరనిచ్చి, ఒక్కో ముక్కనీ గోటితో తట్టి చూడండి. బోలుగా మోగినదాన్ని ఇప్పుడే పీకి మళ్లీ అతికించండి. వచ్చే పాఠంలో గ్రౌట్ పూశాక దాన్ని తీయాలంటే పక్కనున్న నాలుగూ ఊడొస్తాయి.