పాత కారు పరీక్ష – నాలుగో పాఠం: వాసన ఎప్పుడు, పొగ ఎప్పుడు

గత పాఠంలో డిప్‌స్టిక్ తీసి ఆయిల్ మట్టం, రంగు చూడటం నేర్చుకున్నాం. ఈ పాఠమూ ఆ డిప్‌స్టిక్‌తోనే మొదలవుతుంది, కాకపోతే ఈసారి దాన్ని ముక్కు దగ్గర పెట్టుకోవాలి. ఆయిల్‌లో పెట్రోలు వాసన గట్టిగా కొడుతూ, మట్టం పై గీత దాటి ఉంటే, కాలని పెట్రోలు సిలిండర్ గోడల వెంట జారి కింద ఆయిల్‌లో కలుస్తోందని అనుమానించాలి. ఇంజనులోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ కారుతూ ఉండవచ్చు, లేదా ఆ బండి ఇంటి నుంచి బజారుకు, బజారు నుంచి ఇంటికి తప్ప దూరం వెళ్ళక ఇంజను ఏనాడూ సరిగా వేడెక్కి ఉండకపోవచ్చు.

వాసనకైనా పొగకైనా రంగు, ఘాటు మాత్రమే చూసి తీర్పు చెప్పేవారు సగం దూరమే వెళతారు. అది ఏ వేళ కనిపించింది, దానికి ముందు బండి ఏం చేస్తోంది అన్న రెండు ప్రశ్నలే లోపం ఉన్న చోటుకు దారి చూపుతాయి. అందుకే చల్లని ఇంజను దొరకడం ముఖ్యం. ఒడిశా సరిహద్దులోని మన పర్లాకిమిడిలో మనం కొనే పాత కార్లు చాలావరకు శ్రీకాకుళం, విశాఖపట్నం, బరంపురం వైపుల నుంచి వస్తాయి. అమ్మేవారు మర్యాదగా మన గుమ్మం దాకా నడుపుకొని తెస్తారు, అప్పటికి ఇంజను కాగి ఉంటుంది, సగం లోపాలు ఆ వేడిలో దాక్కుంటాయి. మీరే తెల్లవారుజామున వారి ఊరు వెళ్ళి, స్టార్ట్ చేయకముందే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. కాలుష్య ధ్రువపత్రం చూపిస్తే తీసుకోండి గాని, అది నిలబడి ఉన్న బండి కొలత. ఎత్తు ఎక్కేటప్పటి సంగతి అందులో ఉండదు.

ముందు పెట్రోలు వాసన సంగతి. మన ప్రాంతంలో దీనికొక ప్రత్యేక కారణం ఉంది. పెట్రోలు ధర ఆంధ్ర కంటే ఒడిశాలో తక్కువగా ఉన్న రోజుల్లో మహేంద్రతనయ నది అవతల, ఆంధ్రలోని పాతపట్నం వారు కూడా ఇటు వచ్చి ట్యాంకు నింపుకుంటారు, వచ్చిన పనికి గొంతు దాకా పోయించుకుంటారు. పంపు తనంతట తాను ఆగిన తరువాత కూడా, లెక్క సరిచేయడానికని మరికొంత పోయించడం అలవాటైపోయింది. ట్యాంకులోని ఆవిరిని పట్టి ఉంచి, ఇంజనుకు పంపడానికి బొగ్గు నింపిన డబ్బా ఒకటి ఉంటుంది. అది ఆవిరి కోసం చేసినది. అందులోకి ద్రవ పెట్రోలే చేరితే బొగ్గు తడిసి పాడవుతుంది, ఆపై వాసన వదలదు.

నా మొదటి కారు కూడా ట్యాంకు నింపిన రోజు, మరునాడు వాసన కొట్టి మూడో రోజుకు మానేసేది. మెకానిక్ బానెట్ కిందే వెతికి ఒక గొట్టం మార్చాడు, డబ్బూ తీసుకున్నాడు, వాసన మాత్రం ఉంది. చివరికి నేనే వెనక సీటు ఎత్తి చూస్తే, ట్యాంకు పైన పంపును బిగించిన రింగు చుట్టూ దుమ్ము ఒక వలయంలా నల్లగా తడిసి ఉంది, మిగతా చోటంతా పొడిగానే ఉంది. రబ్బరు సీలు పగిలింది. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడే పెట్రోలు అక్కడి దాకా అందుతుంది కనుక వాసనా అప్పుడే వచ్చేది.

ఇలా కాక, దూరం నడిపి ఆపిన పది నిమిషాలకు ముందు వైపు వాసన వస్తే ఇంజెక్టర్ల దగ్గరి రబ్బరు రింగులు, గొట్టాల బిగింపులు చూడాలి. రాత్రంతా మూసి ఉన్న షెడ్డు తలుపు తీయగానే వస్తే బండి కింద నేల చూడాలి. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, నేలను అంటిపెట్టుకొని ఉంటుంది. కనుక తలుపులు తెరిచి గాలి ఆడనివ్వండి, అగ్గిపుల్ల దరిదాపులకు రానివ్వకండి, టార్చి బయటే వెలిగించుకొని లోపలికి వెళ్ళండి. చుక్కలు పడుతూ ఉంటే తాళం తిప్పవద్దు. కుళ్ళిన గుడ్డు వాసన వేరు, అది సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ వైపు చూడమంటుంది.

ఇక పొగ. ఆర్.ఉదయగిరి కొండల్లో డిసెంబరు ఉదయం స్టార్ట్ చేసిన ప్రతి బండీ తెల్లగా ఆవిరి వదులుతుంది, సైలెన్సర్ నుంచి నాలుగు నీటి చుక్కలు కూడా రాలుతాయి. దానికి భయపడి మంచి బండి వదులుకోకండి. ఇంజను బాగా వేడెక్కాక కూడా దట్టమైన తెల్ల పొగ ఆగకుండా, కొంచెం తియ్యని వాసనతో వస్తుంటే మాత్రం ఇంజనును చల్లబరిచే కూలెంట్ సిలిండర్‌లోకి పోతోంది, ఇంజను పై భాగానికీ సిలిండర్లకూ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండవచ్చు. చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి మట్టం చూడండి, ఆయిల్ మూత లోపల మజ్జిగ మీది నురగలాంటిది అంటుకుందేమో చూడండి. డీజిలు బండి చలిలో కళ్ళు మండించే తెల్ల పొగ వదిలితే అది కాలని డీజిలు. చల్లని ఇంజను అంటుకోవడానికి లోపల వేడి పుట్టించే గ్లో ప్లగ్గులు పరీక్షించాలి.

నీలి పొగ అంటే ఇంజను ఆయిల్ తింటోందని అందరికీ తెలుసు, ఎక్కడ తింటోందో చెప్పేది ఘాట్ రోడ్డు. ఒక మిత్రుణ్ణి వెనక మరో బండి మీద రమ్మని, దిగుడులో గేరులోనే ఉంచి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి కొంతదూరం దిగండి, తరువాత ఒక్కసారి తొక్కండి. అప్పుడు గుప్పున వచ్చి ఆగిపోతే పై నుంచి ఆయిల్ సిలిండర్‌లోకి జారకుండా ఆపే వాల్వు సీళ్ళ మీద అనుమానం పెట్టండి. ఉదయం మొదటి స్టార్ట్‌లో ఒకసారి ఊదడం కూడా ఆ కోవదే. ఎత్తు ఎక్కుతున్నంతసేపూ వస్తూనే ఉంటే కింది ఆయిల్ పైకి రాకుండా ఆపే పిస్టన్ రింగులు అరిగాయి, ఇంజను విప్పి సిలిండర్లు చెక్కే బోరింగ్ పనికి వచ్చినట్టే. మొదటిదైతే బేరమాడి కొనవచ్చు. రెండోదైతే నేను కొనను. ఇంజనులోకి గాలిని ఒత్తి పంపే టర్బో ఉన్న డీజిలు బండిలో మాత్రం రింగులను తప్పుపట్టే ముందు టర్బో చూడాలి.

నల్ల పొగకు మొదటి మందు ఎయిర్ ఫిల్టర్, క్వారీల దారిన తిరిగే బండికి మరీను. పాత డీజిలు ఒక్కసారి తొక్కితే కాస్త నల్లగా ఊదడం సహజం. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బి.ఎస్.6 కాలుష్య ప్రమాణాల డీజిలు బండిలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది కనుక, దాని వెనక నల్ల పొగ కనిపిస్తే ఆ ఫిల్టర్ పగిలిందో, ఎవరైనా పీకేశారో అడగండి.

వచ్చే పాఠానికి ముందు మీ బండినో, పొరుగువారి బండినో మూడు ఉదయాలు చల్లగా స్టార్ట్ చేయించి, సైలెన్సర్ వెనక తెల్ల గుడ్డ పట్టి, వేళ, ట్యాంకు మట్టం, రంగు, వాసన నాలుగు గళ్ళలో రాసుకోండి. ఆ కాగితం దగ్గర పెట్టుకొనే, అయిదో పాఠంలో ఘాట్ దిగేటప్పుడు బ్రేకుల పరీక్ష మొదలుపెడదాం.